విశ్వాసమా, క్రియలా? మా వాక్యం క్లాసులో తరచుగా అడిగే ప్రశ్నలు

నల్లగొండ జిల్లా దేవరకొండ దగ్గర ఒక ఊళ్లో మా సంఘం. ఆదివారం ఆరాధన అయ్యాక, ఇంటికి పోయే తొందర లేనివాళ్లం ఓ గంట కూర్చుని వాక్యం చదువుకుంటాం. నోరు తెరిచి అడగడానికి మొహమాటపడేవాళ్ల కోసం ఒక పాత బిస్కెట్ డబ్బా పెట్టాం. చీటీ రాసి అందులో వేయొచ్చు, పేరు అక్కర్లేదు. చేతిరాత చూసి ఎవరో నాకు తెలిసిపోతుందనుకోండి, అది వేరే సంగతి. ఎక్కువ చీటీలు తిరిగి తిరిగి ఒక్క చోటికే వచ్చాయి: నమ్మితే చాలా, ఏమైనా చేయాలా?

నేను పాస్టర్‌ను కాను. సర్కారు బడిలో లెక్కలు చెప్పి రిటైరయినవాణ్ణి. కాబట్టి ఇవి సంఘం తీర్మానాలు కావు. క్లాసులో మాట్లాడుకున్న మాటలు, నాకు అర్థమైనంతలో రాసిపెట్టాను.

ఒక్క మాటలో చెప్పండి సార్. రక్షణ విశ్వాసం వల్లనా, క్రియల వల్లనా?

కృప వల్ల. ఇచ్చేది దేవుడు, పుచ్చుకునేది విశ్వాసం. పుచ్చుకున్నవాడు ఊరికే కూర్చోలేడు, అక్కడ మొదలవుతాయి క్రియలు.

ఎఫెసీ పత్రిక 2వ అధ్యాయం 8, 9 వచనాలు మన సండే స్కూల్ పిల్లలకు కూడా నోటికొచ్చు. "అది క్రియలవలన కలిగినది కాదు గనుక ఎవడును అతిశయపడ వీలులేదు" దాకా గడగడా చెప్పి ఆపేస్తారు. ఆపమన్నది ఎవరో తెలియదు. ఆ పత్రిక రాసిన పౌలు మాత్రం ఆపలేదు. పదో వచనంలో మనం సత్‌క్రియలు చేయడానికే క్రీస్తు యేసునందు సృష్టింపబడ్డామని, "ఆయన చేసిన పనియైయున్నాము" అని అంటాడు. చూడండి, అక్కడ లెక్కకొచ్చే మొదటి పని మనం చేసింది కాదు, మనమే ఆయన చేసిన పని. ఆ తర్వాతే మన పనుల మాట. ఈ మూడు వచనాలు కలిపి చదివితే డబ్బాలో చీటీలు సగం తగ్గుతాయి.

విశ్వాసం అంటే నమ్మకమే కదా? దేవుడున్నాడని నమ్ముతున్నాం, ఇంకేం కావాలి?

దయ్యాలు కూడా నమ్ముతాయి. యాకోబు పత్రిక 2:19లో ఉన్న మాటే అది, నమ్మి వణుకుతాయి కూడా. మనలో చాలామందికి ఆ వణుకైనా లేదు.

తెలుగులో మనకు ఒక అదృష్టం ఉంది. విశ్వాసం అనే మాటను మనం గుడి బయట ఎలా వాడుతున్నామో గమనించండి. "ఉప్పు తిన్న విశ్వాసం" అంటాం. "కుక్కకున్న విశ్వాసం కూడా లేదు వాడికి" అంటాం. పెట్టిన చెయ్యిని మోసం చేస్తే విశ్వాసఘాతుకం అంటాం. అక్కడెక్కడా "ఉన్నాడని ఒప్పుకోవడం" అనే అర్థం లేదు. మన కుక్క మనమున్నామని నమ్ముతుంది సరే, దాన్ని ఎవరూ విశ్వాసం అనరు. రాత్రి పాముని చూసి మంచం చుట్టూ మొరిగితే అంటారు. కొత్త నిబంధన గ్రీకులో రాశారు. అందులో విశ్వాసానికి వాడిన 'పిస్టిస్' అనే మాటకూ నమ్మడం, నమ్మకంగా ఉండడం అని రెండు అర్థాలూ ఉన్నాయి. అంటే మన పల్లెటూరి వాడుక పాత అర్థానికి దగ్గరగానే ఉంది. గుళ్లోకి వచ్చేసరికి మనమే దాన్ని సన్నగా చెక్కేశాం.

పౌలు ఒకటి చెబితే యాకోబు ఇంకొకటి చెబుతున్నాడు. ఇద్దరిలో ఎవరు కరెక్ట్?

ఈ చీటీ రాని నెల లేదు. కాస్త నిదానంగా చూద్దాం.

రోమా 3:28లో పౌలు, ధర్మశాస్త్ర సంబంధమైన క్రియలు లేకుండా "విశ్వాసమువలననే" మనుషులు నీతిమంతులుగా తీర్చబడతారని అంటాడు. యాకోబు 2:24లో మనుష్యుడు "విశ్వాసమూలమున మాత్రము కాక క్రియల మూలమునను" నీతిమంతుడని యెంచబడతాడని ఉంది. పక్కపక్కన పెడితే తగువులాగే కనిపిస్తుంది.

ముందు ఒక చిన్న విషయం. మన తెలుగు బైబిల్లో "వలననే" అన్నచోట ఆ 'నే' ఉంది చూశారా, గ్రీకులో దానికి సరిపడే మాట లేదు. ప్రొటెస్టెంట్ ఉద్యమానికి ఆద్యుడైన మార్టిన్ లూథర్ 1522లో కొత్త నిబంధనను జర్మన్‌లోకి తెచ్చినప్పుడు అదే చోట 'కేవలం' అని ఒక మాట చేర్చాడు. దాని మీద పెద్ద గొడవైంది. భావం స్పష్టం కావడానికి మా భాషలో అది అవసరం అని ఆయన వాదించాడు. జర్మన్‌కు ఒక మాట పట్టింది, మనకు ఒక అక్షరం సరిపోయింది. అదే లూథర్ ఆ ఏడాదే యాకోబు పత్రికను గడ్డితో పోల్చాడు. అంత మాట అన్నవాడు, రోమా పత్రికకు రాసిన ముందుమాటలో మాత్రం విశ్వాసం ఊరుకోలేని జీవమున్న వస్తువు అని, అది మంచి పనులు చేయకుండా ఉండలేదని రాశాడు. కాబట్టి "లూథర్ క్రియలు వద్దన్నాడు" అని ఎవరైనా చెబితే నమ్మకండి.

ఇప్పుడు అసలు విషయం. ఇద్దరూ అబ్రాహామునే సాక్ష్యానికి పిలిచారు. నేను లెక్కల సారును కదా, వయసులు వేసి చూద్దాం.

ఆదికాండము 15వ అధ్యాయంలో అబ్రాహాము దేవుణ్ణి నమ్మాడు, అది అతనికి నీతిగా ఎంచబడింది. దాని తర్వాత ఇష్మాయేలు పుట్టాడు, అప్పటికి అబ్రాహాముకు 86 ఏళ్లు. సున్నతి 99వ ఏట. ఇస్సాకు పుట్టినప్పుడు 100. 22వ అధ్యాయంలో ఆ కొడుకునే బలి ఇమ్మని దేవుడు అడిగితే, మోరియా కొండ మీదికి ఇస్సాకు కట్టెలు మోసుకుంటూ నడిచాడు, అంటే చంటిపిల్లవాడు కాదు. నమ్మిన రోజుకూ కొండ ఎక్కిన రోజుకూ మధ్య 15 ఏళ్లకు పైమాటే.

పౌలు పట్టుకున్నది 15వ అధ్యాయాన్ని. ఆయన ఎదుట ఉన్నవాళ్లు, అన్యజనులు, అంటే యూదులు కానివాళ్లు, విశ్వసించినా సరే ముందు సున్నతి చేయించుకోవాలి అంటున్నారు. దానికి పౌలు, అయ్యా, అబ్రాహాము నీతిమంతుడైంది సున్నతికి ఎన్నో ఏళ్ల ముందే కదా అని తేదీ చూపించాడు. యాకోబు పట్టుకున్నది 22వ అధ్యాయాన్ని. ఆయన ఎదుట ఉన్నవాళ్లు వేరు. ఒంటి మీద బట్టలేని సహోదరుడు గుమ్మంలో నిలబడితే "సమాధానముగా వెళ్లుడి, చలికాచుకొనుడి" అని దీవించి పంపేవాళ్లు. వాళ్లతో ఆయన, అబ్రాహాము నమ్మానని చెప్పి గుడారంలో కూర్చోలేదురా బాబూ, కొండ ఎక్కాడు అంటున్నాడు.

ఒకాయన లోపలికి ఎలా రావాలో చెబుతున్నాడు. ఇంకొకాయన లోపలికి వచ్చినవాడు ఎలా ఉంటాడో చెబుతున్నాడు. పౌలే గలతీ 5:6లో "ప్రేమవలన కార్యసాధకమగు విశ్వాసము" అన్నాడు. ఆ మాట యాకోబు పత్రికలో ఉన్నా ఎవరికీ తేడా తెలియదు.

ధర్మశాస్త్ర క్రియలంటే మంచి పనులేనా?

పూర్తిగా కాదు. పౌలు గలతీ పత్రికలో ఆ మాట వాడేటప్పుడు ఆయన మనసులో ముందున్నవి సున్నతి, భోజన నియమాలు, పండుగ దినాలు, అంటే యూదుణ్ణి మిగతావాళ్ల నుంచి వేరు చేసే గుర్తులు. ఆ మాటను అంతవరకే పరిమితం చేయాలా, మనిషి తన నీతి కోసం చేసే ప్రయత్నాలన్నీ అందులో వస్తాయా అని పండితులు ఇంకా వాదించుకుంటున్నారు. నా మటుకు నాకు రెండూ వస్తాయనే అనిపిస్తుంది. కానీ అనాథకు అన్నం పెట్టొద్దని పౌలు ఎక్కడా అనలేదు. యెరూషలేము బీదల కోసం చందా వసూలు చేస్తూ ఊళ్లు తిరిగినవాడు ఆయన.

మా అత్తగారి వైపు క్యాథలిక్కులు. వాళ్లు క్రియల వల్లనే రక్షణ అంటారట, నిజమేనా?

మన పెళ్లిళ్లలో ఈ తగువు వరపూజ దగ్గరే మొదలవుతుంది. నల్లగొండ మేత్రాసనం, అంటే ఇక్కడి క్యాథలిక్ బిషప్ గారి పరిధి, 1976 నుంచి ఉంది, మన ఇళ్లలో అటు వియ్యమందనివాళ్లు తక్కువ. కాబట్టి సరిగ్గా తెలుసుకోవడం మంచిది.

క్రీస్తు ద్వారా వచ్చే కృప లేకుండా మనిషి తన సొంత క్రియలతో నీతిమంతుడు అవుతాడని చెప్పడాన్ని క్యాథలిక్ సంఘమే 1547లో ట్రెంట్ మహాసభలో ఖండించింది. అదే మొదటి నియమం. వాళ్లు ఒప్పుకోనిది, కృపతో మనిషి సహకరించాల్సిన పనే లేదనే అర్థంలో 'విశ్వాసం ఒక్కటే' అనడాన్ని. క్యాథలిక్కులూ, లూథర్ బాట పట్టిన లూథరన్లూ నాలుగు వందల ఏళ్లకు పైగా కొట్లాడుకుని, 1999 అక్టోబర్ 31న జర్మనీలోని ఆగ్స్‌బర్గ్‌లో ఒక ఉమ్మడి ప్రకటన మీద సంతకాలు పెట్టాయి. లూథరన్ల ప్రపంచ సమాఖ్య ఒకవైపు, క్యాథలిక్ సంఘం ఒకవైపు. మన యోగ్యత వల్ల కాదు, కృప వల్ల, క్రీస్తు రక్షణకార్యం మీది విశ్వాసంతోనే దేవుడు మనల్ని అంగీకరిస్తాడు, ఆ కృపే మనల్ని మంచి పనులకు పంపుతుంది అన్నది అందులోని సారం. 2006లో మెథడిస్టులు, 2017లో రిఫార్మ్డ్ సంఘాలు కూడా చేరాయి. తేడాలన్నీ పోయాయని కాదు. కానీ "వాళ్లు క్రియలవాళ్లు, మేం విశ్వాసంవాళ్లం" అని పెళ్లి భోజనాల దగ్గర మాట్లాడుకునే మాటకు కాలం చెల్లింది.

మనవైపు సంఘాలకు మూడో పాయ కూడా ఉంది. 1889లో రష్యా నుంచి వచ్చిన అబ్రహాం ఫ్రీసెన్ దంపతులు అమెరికన్ బాప్టిస్టు మిషన్‌తో కలిసి నల్లగొండలో పనిచేశారు. వాళ్లది మెన్నోనైట్ బ్రదరెన్ సంఘం. తర్వాత అమెరికా నుంచి వచ్చిన అదే సంఘంవాళ్ల పని దేవరకొండ, వనపర్తి, నాగర్‌కర్నూల్, మహబూబ్‌నగర్ వైపు పాకింది. ఇవాళ మనం ఎం.బి. చర్చి అంటున్నది అదే. వాళ్ల మూలపురుషులు 16వ శతాబ్దంలో ఇటు క్యాథలిక్కుల చేతా అటు ప్రొటెస్టెంట్ల చేతా దెబ్బలు తిన్నవాళ్లు. వాళ్ల పట్టు ఒక్కటే: క్రీస్తును నమ్మానంటే క్రీస్తు వెంట నడవాలి, శత్రువు మీద కత్తి ఎత్తకూడదు, అబద్ధం ఆడకూడదు, ఒట్టు కూడా పెట్టకూడదు. మన తాతలకు బాప్తిస్మం ఇచ్చినవాళ్లు ఈ మాట చెప్పే ఇచ్చారు.

సత్క్రియలు అంటే దానధర్మాలే కదా? ఎంత ఇస్తే చాలు?

నేను అందరికంటే ఎక్కువ గట్టిగా మాట్లాడేది ఇక్కడే. ఎందుకో కూడా చెబుతాను.

పన్నెండు, పదమూడేళ్ల కింద మా చేనులో పత్తి ఏరడానికి ఐదుగురు ఆడవాళ్లు వచ్చారు. మూడు రోజుల కైకిలి. పత్తి అమ్మిన పైసలు చేతికి రాలేదు, వచ్చే వారం ఇస్తానన్నాను. వచ్చే వారం కోత పండుగ. మందిరంలో కానుకలకు పేరు రాసిన కవర్లు పంచారు. నా కవర్లో ఆ ఏడాది కాస్త బరువుగానే వేశాను. బల్ల దగ్గరికి నడిచిపోయి కవరు పెట్టి వెనక్కి తిరిగేసరికి, వెనక వరసలో చాప మీద ఆ ఐదుగురిలో ఒకామె కూర్చుని ఉంది. ఆమె నన్నేమీ చూడలేదన్నట్టే ఉంది. బయటికొచ్చాక "వందనాలు సారూ" అంది, అంతే.

ఆ రాత్రి నిద్ర రాలేదు. యాకోబు పత్రికే, కాకపోతే 5వ అధ్యాయం: "మీ చేలు కోసిన పనివారికియ్యక, మీరు మోసముగా బిగపట్టిన కూలి మొఱ్ఱపెట్టుచున్నది." ఎన్నిసార్లు చదివానో. కూలి మొరపెడుతుందట. కూలివాళ్లు అరవకపోయినా, బిగపట్టిన పైసలే అరుస్తాయట. తెల్లారి లేచి వాళ్ల వాడకు పోయి, వాకిట్లోనే ఒక్కొక్కరి చేతిలో పెట్టాను. ఆమె నోట్లు లెక్కబెట్టుకుని ఒక నోటు వెనక్కి ఇచ్చింది. "పది రూపాయలు ఎక్కువిచ్చిన్రు సారూ" అంది.

అప్పటి నుంచి క్లాసులో చెబుతున్నాను. సత్క్రియల్లో దానం రెండోది. మొదటిది బాకీ. కూలివాని కూలి మర్నాటి దాకా నీ దగ్గర ఉంచుకోవద్దని లేవీయకాండము 19:13 అంటుంది. పొద్దు గూకకముందే ఇవ్వమని ద్వితీయోపదేశకాండము 24:15 అంటుంది. అవి దానధర్మాల అధ్యాయాలు కావు. అది వాళ్ల సొమ్ము, మన జేబులో ఉంది, అంతే.

లూకా 19లో సుంకరి జక్కయ్యను చూడండి. ఆస్తిలో సగం బీదలకిస్తానన్నాడు, అది దానం. అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగంతలు తిరిగిస్తానన్నాడు, అది బాకీ. మనం ప్రసంగాల్లో సగం ఆస్తి గురించే చెబుతాం, నాలుగంతల సంగతి మెల్లగా దాటేస్తాం. ఇంకొకటి గమనించాలి. యేసు "నేడు నేను నీ యింట ఉండవలసియున్నది" అన్నది జక్కయ్య లెక్క తేల్చడానికి ముందు. చెట్టు మీద ఉండగానే పిలిచాడు. లెక్క తేలాకే ఇంటికొస్తానని అనలేదు. కృప ముందు, లెక్క తర్వాత. కానీ లెక్క మాత్రం తప్పకుండా తేలింది.

మన దేవరకొండ, పాలమూరు వైపు మనుషులకు ఇది వేరే చెప్పక్కర్లేదు. తరతరాలుగా వలసపోయి, ఎక్కడెక్కడి కాలువలో, ఆనకట్టలో తవ్వి, మేస్త్రీ దగ్గర పట్టుకున్న అడ్వాన్సు తీరక, రావాల్సిన కూలి రాక తిరిగొచ్చిన ఇళ్లు మనవి. ఆ ఇంట్లో పుట్టి, ఇవాళ నాలుగెకరాలు సంపాదించి, మనమే ఎవరి కూలైనా ఆపితే?

తడి వడ్ల మీద ఎండిన వడ్లు పోసి కొనుగోలు కేంద్రంలో అమ్మితే పాపమా? అందరూ చేస్తారు.

తేమ 17 శాతం దాటకూడదని రూలు. తేమ చూసే మిషన్ పెట్టే చోట ఎండినవి, కింద తడివి. చీటీ రాసినాయనకు జవాబు తెలిసే అడిగాడు. కేంద్రంలో మన వంతు రావడానికి పది రోజులు కల్లం దగ్గర పడుకోవాలని, రాత్రి వాన వస్తే టార్పాలిన్ కప్పుకుంటూ తిరగాలని నాకు తెలుసు. ఆ కష్టం నిజం. అబద్ధపు తూనికె కూడా నిజమే.

మందిరానికి ఫ్యాన్ ఇచ్చాం. రెక్కల మీద మా నాన్నగారి పేరు రాయిస్తే తప్పేంటి?

తప్పని గొడవ పెట్టుకోను, మా మందిరంలో ఆరు ఫ్యాన్లుంటే ఐదింటి మీద పేర్లున్నాయి. చనిపోయినవాళ్ల జ్ఞాపకం కోసం రాయించడం వేరు, మన పేరు గాల్లో తిరగాలని రాయించడం వేరు. ఏది ఏదో బయటివాళ్లకు తెలియదు. నీ కుడిచెయ్యి చేసేది ఎడమచేతికి తెలియనీయవద్దని మత్తయి 6లో ఉంది. ఒక్క మాట మాత్రం చెబుతాను. ఫ్యాన్ తిరుగుతున్నంతసేపూ ఆ పేర్లు ఎవరికీ కనిపించవు. కరెంటు పోతేనే చదువుతాం.

దశమభాగం తప్పకుండా ఇస్తున్నాం. ఇంకా ఏం చేయాలి?

పుదీనాలో, జీలకర్రలో కూడా పదో వంతు ఇచ్చి న్యాయాన్నీ కనికరాన్నీ విడిచిపెట్టినవాళ్ల గురించి మత్తయి 23:23 చదవండి. దశమభాగం మానమని యేసు అనలేదు. మిగతా తొమ్మిది భాగాల సంగతి అడిగాడు.

యేసు పక్కన సిలువ మీది దొంగ ఏ మంచి పనీ చేయకుండానే పరదైసుకు పోయాడు కదా?

చేశాడు. పక్కవాణ్ణి మందలించాడు, తన తప్పు ఒప్పుకున్నాడు, లోకమంతా గేలి చేస్తున్న మనిషిని రాజని పిలిచాడు. చేతులకు మేకులున్నవాడు చేయగలిగింది అంతే, అదంతా చేశాడు. అయితే ఆయన పరదైసుకు పోయింది ఆ మూడు పనుల కూలిగా కాదు.

మత్తయి 20వ అధ్యాయంలో ద్రాక్షతోట కథ ఉంది. నాకైతే అది కూలీల అడ్డా కథ. పట్నంలో పొద్దున్నే అడ్డా మీద నిలబడి చూసినవాళ్లకు అది వివరించక్కర్లేదు. సద్ది గిన్నె పట్టుకుని నిలబడతారు. బండి ఆగగానే ఉరుకుతారు. గట్టిగా ఉన్నవాళ్లను ముందు ఎక్కించుకుంటారు. పదకొండు దాటాక ఇంకా నిలబడ్డవాళ్లు ముసలివాళ్లు, నలతగా ఉన్నవాళ్లు. ఆ కథలోనూ అంతే, సాయంత్రం దాకా ఎందుకు ఊరికే నిలిచారని తోట యజమాని అడిగితే, మమ్మల్ని ఎవరూ కూలికి పెట్టుకోలేదు అన్నారు. వాళ్లకూ ఒక దేనారం, పొద్దంతా చేసినవాళ్లకూ ఒక దేనారం. దేనారం అంటే ఆ రోజుల్లో ఒక రోజు కూలి, ఇల్లు గడిచే డబ్బు. గంట పనికి గంట కూలి ఇస్తే ఆ ఇంట్లో ఆ రాత్రి పొయ్యి వెలగదు. యజమానికి అది తెలుసు. లెక్కల సారుగా నాకు ఈ కథ చాలాకాలం మింగుడుపడలేదు.

పెద్దమనిషి ఎవరైనా వస్తే ముందు కుర్చీ వేయడం మర్యాదే కదా? దీనికీ విశ్వాసానికీ ఏం సంబంధం?

యాకోబు 2వ అధ్యాయం మొదలయ్యేదే దీంతో. బంగారు ఉంగరం పెట్టుకున్నవాడికి మంచి స్థలం, మురికి బట్టలవాడికి పాదపీఠం దగ్గర నేల. "క్రియలు లేని విశ్వాసం మృతం" అనే మాట వచ్చేది ఈ కుర్చీల గొడవ తర్వాతే. అంటే యాకోబు చూపించిన మొట్టమొదటి చచ్చిన విశ్వాసం ఉదాహరణ గుడి లోపలిదే.

మన పాత సంఘాల్లో చాలావరకు మాదిగవాడల్లో, మాలవాడల్లో పుట్టినవే. ఊరి బావి దగ్గరికి రానివ్వని రోజుల్లో, ప్రభువు బల్ల దగ్గర ఒకే గిన్నెలో తాగనిచ్చారు మనల్ని. అటువంటి మందిరంలో ఊళ్లోంచి ఒక పెద్ద కులం ఆయన ఎలక్షన్ల ముందు వస్తే, మొదటి వరసలో ముసలమ్మను లేపి ఆయనకు ప్లాస్టిక్ కుర్చీ వేయడం నేను కళ్లారా చూశాను. ఆమె చాప మీదికి జరిగింది. నేనూ ఏమీ అనలేదు, అది కూడా ఇక్కడ రాయాలి. మనలో మనకు మాల, మాదిగ పట్టింపులున్న చోట్లయితే ఆ అధ్యాయం చదవడానికే మొహం చెల్లదు.

మా పక్కింటి హిందువులు, ముస్లింలు మనకంటే మంచివాళ్లు. వాళ్ల క్రియలు లెక్కకు రావా?

తీర్పు సింహాసనం మీద కూర్చునేది మనం కాదు కాబట్టి ఈ ప్రశ్నకు నాకు టెన్షన్ లేదు. కొర్నేలి రోమా సైనికుడు, యూదుడు కాదు, పేతురు ఇంకా అతని గడప తొక్కకముందే అతని ధర్మకార్యాలు దేవుని సన్నిధికి జ్ఞాపకార్థంగా చేరాయని అపొస్తలుల కార్యములు 10లో ఉంది. అయినా దేవుడు పేతురును పంపాడు. రెండూ ఒకే అధ్యాయంలో ఉన్నాయి, రెంటినీ ఉంచుకుందాం. మంచి సమరయుడి కథలో దెబ్బలు తిన్నవాణ్ణి గాడిద మీద ఎక్కించింది మన మతంవాడు కాదని యేసే చెప్పాడు. పక్కింటివాళ్ల మంచితనం చూసి వాళ్లకేం జరుగుతుందని అడిగేకంటే, మనకెందుకు లేదని అడగడం తేలిక.

మా అమ్మ మంచంలోనే ఉంటుంది. ఆమె ఏ క్రియలు చేయగలదు?

ఈ చీటీ రాసిన అమ్మాయిది మర్రిగూడ వైపు పుట్టిల్లు. ఆ నీళ్ల సంగతి తెలిసిందే. వాళ్లమ్మకు ఫ్లోరైడ్ ఎముకల్లోకి దిగి నడుము వంగిపోయింది, వేళ్లు ముడుచుకుపోయాయి. నేను వాళ్లింటికి పోయినప్పుడు ఆ పెద్దామె పడుకునే ఒక పని చేస్తోంది. చింతపండు గింజలు తీస్తోంది, కోడలికి సాయంగా. ఒక్కో గింజకు చాలాసేపు పడుతోంది. ప్రార్థన చేద్దామా అమ్మా అంటే, నా గురించి వద్దు నాయనా, మా మనవడికి పనిచ్చిన మేస్త్రీ కొడుకు ఆసుపత్రిలో ఉన్నాడట, వాడి గురించి చెయ్యి అంది.

క్రియలను బరువు తూచి కొలిచేవాళ్లం మనం. తనకున్న రెండు కాసులూ కానుకపెట్టెలో వేసిన విధవరాలి దగ్గర యేసు తూకం వేరేగా వేశాడు.

నమ్మకముంటే చాలు, మందులు వద్దంటున్నారు కొందరు. షుగర్ గోలీలు మానేయొచ్చా?

మానొద్దు. రోగులకే వైద్యుడు కావాలని యేసే అన్నాడు, లూకా వైద్యుడు, తిమోతి కడుపునొప్పికి పౌలే మందు చెప్పాడు. విశ్వాసం వైద్యానికి విరోధమైతే ఎం.బి. మిషన్‌వాళ్లు జడ్చర్లలో ఆసుపత్రి కట్టేవాళ్లే కాదు. ప్రార్థన చేయించుకోండి, గోలీ వేసుకోండి.

పిల్లలకు ఇదంతా ఎలా చెప్పాలి?

నేను బత్తాయి తోటకు తీసుకుపోతాను. మన జిల్లాలో ఇంతకంటే మంచి పాఠం దొరకదు.

బత్తాయి మొక్కను గింజతో పెంచరు. రంగపూర్ నిమ్మ మొక్క పెంచి, దాని కాండం మీద చిన్న గాటు పెట్టి, బత్తాయి కన్ను అందులో కూర్చోబెట్టి కడతారు. ఆ అంటు పట్టుకుంటే బత్తాయి. కాయ పడటానికి ఇంకా నాలుగైదేళ్లు. పిల్లలను అడుగుతాను: కాయ కాస్తేనే ఇది బత్తాయి చెట్టు అవుతుందా? కాదు, అంటు పట్టిన రోజే బత్తాయి. మరి పదేళ్లయినా కాయకపోతే? అప్పుడు మావాళ్లు వంగి, అంటు కింద ఏమైనా చిగురొచ్చిందా అని చూస్తారు. అడుగు నుంచి వచ్చే ఆ కొమ్మ జోరుగా పెరుగుతుంది, పచ్చగా ఉంటుంది, ముళ్లు ఎక్కువ, కాయ పులుపు. దాన్ని కోయకపోతే చెట్టు బలమంతా అదే లాగేస్తుంది. పేరు కోసం చేసే పుణ్యకార్యాలు నాకు ఆ కొమ్మలాగే కనిపిస్తాయి. జోరు మాత్రం బాగుంటుంది.

పెద్ద పిల్లలైతే రోమా 11 కూడా చెబుతాను. మనం తోటలో మంచి కన్ను తెచ్చి మొరటు వేరు మీద కడతాం. దేవుడు అడవి కొమ్మను తెచ్చి మంచి చెట్టు మీద కట్టాడట. "స్వభావవిరుద్ధముగా" అని పౌలే రాశాడు. మామూలుగా రైతు చేయని పని. ఒకసారి ఒక పిల్లవాడు "అట్ల కడితే కాయ ఎట్లుంటది సార్?" అని అడిగాడు. మంచి ప్రశ్న అని చెప్పి, అందరినీ తలా ఒక బత్తాయి వలుచుకోమన్నాను.

పత్తి ఏరుడు మొదలైతే ఆదివారం కూడా పనికి పోవాలి. మందిరానికి రాకపోతే విశ్వాసం తగ్గినట్టా?

కాదమ్మా. పిల్లల ఫీజు కట్టడానికి పత్తికి పోవడం అవిశ్వాసం ఎలా అవుతుంది? అయితే ఆదివారం మిమ్మల్ని పనికి పిలిచే ఆసామి మన సంఘం మనిషే అయితే, ఆ చీటీ ఆయన రాయాలి. పత్తి అయిపోయేదాకా క్లాసు బుధవారం రాత్రి ఏడున్నరకు మా ఇంటి వసారాలో పెడుతున్నాం. చేతులు కడుక్కుని అలాగే వచ్చేయండి, చాయ్ ఉంటుంది. బిస్కెట్ డబ్బా కూడా తెస్తాను.